అరెకిస్ పోయాక ఆ ఇల్లు నిలబెట్టింది ఎవరు?

774 జూన్‌లో ఉత్తర ఇటలీలోని పావియా కోట తలుపులు తెరుచుకున్నాయి. నెలల తరబడి ముట్టడిలో ఉన్న లోంబార్డుల (రెండు వందల ఏళ్ళుగా ఇటలీలో చాలా భాగం ఏలుతున్న జర్మానిక్ జాతి) రాజధాని ఫ్రాంకుల రాజు షార్లమేన్ చేతికి చిక్కింది. రాజు దెసిదేరియుస్‌నీ, రాణి ఆన్సానీ ఆల్ప్స్ అవతలికి తీసుకుపోయారు. వాళ్ళు మళ్ళీ ఇటలీ మొహం చూడలేదు. షార్లమేన్ తన బిరుదుల్లో "లోంబార్డుల రాజు" అని కూడా చేర్చుకున్నాడు. చాలా చరిత్ర పుస్తకాల్లో లోంబార్డుల కథ ఇక్కడితో సరి. 568లో ఇటలీలోకి దిగారు, 774లో పోయారు.

కానీ పోలేదు. రోమ్‌కి దక్షిణాన బెనెవెంతో, సలెర్నో, కపువా ప్రాంతాల్లో లోంబార్డ్ ప్రభువులు ఇంకో మూడు వందల ఏళ్ళు ఏలారు. సలెర్నోలో ఆఖరి ప్రభువు రెండవ గిసుల్ఫ్ 1077లో నార్మన్ నాయకుడు రాబర్ట్ గిస్కార్డ్‌కి లొంగిపోయేదాకా ఆ పాలన సాగింది. (ఆ గిస్కార్డ్ పరాయివాడేం కాదు, గిసుల్ఫ్ తోబుట్టువు సికెల్‌గైతా భర్త. ఆ వంశాల్లో రాజ్యాలు నిలబెట్టిందీ, పడగొట్టిందీ చాలాసార్లు పెళ్ళిళ్ళే.)

ఉత్తరాన అంత పెద్ద రాజ్యం ఒక్క యుద్ధంతో కూలిపోతే, దక్షిణాన ఈ ముక్క ఎలా మిగిలింది? దీనికి మామూలుగా వచ్చే జవాబు, అప్పటి బెనెవెంతో ప్రభువు అరెకిస్ తెలివి, అతని కొడుకు గ్రిమోవాల్డ్ తెగువ, కొండలు, దూరం. నేను వీటిలో దేన్నీ కాదనను. కానీ ఆ జవాబులో ఒక మనిషి ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది. అరెకిస్ భార్య అడెల్పెర్గా. 787 ఆగస్టు నుంచి 788 వసంతం దాకా ఆ రాజ్యం ఆవిడ వల్లే నిలబడిందని నా నమ్మకం. ఆ నెలలు దాటకపోతే తర్వాతి మూడు వందల ఏళ్ళు లేవు.

ముందు ఆ కుటుంబం సంగతి చెప్పుకోవాలి. దెసిదేరియుస్, ఆన్సాలకు అడెల్కిస్ అని ఒక కొడుకు, నలుగురు కూతుళ్ళు. అన్సెల్పెర్గాని బ్రెషాలో తాము కట్టించిన సన్యాసినుల మఠానికి అధిపతిని చేశారు. అడెల్పెర్గాని బెనెవెంతో డ్యూక్ అరెకిస్‌కి ఇచ్చారు. అరెకిస్‌ని 758లో ఆ పదవిలో కూర్చోబెట్టింది కూడా దెసిదేరియుసే. లియుత్పెర్గాని బవేరియా డ్యూక్ తస్సిలోకి ఇచ్చారు. ఇంకో కూతురిని 770లో సాక్షాత్తూ షార్లమేన్‌కే ఇచ్చారు. సంబంధం కుదిర్చింది షార్లమేన్ తల్లి బెర్త్రాదా. ఏడాది తిరిగేసరికి షార్లమేన్ ఆ పిల్లను వదిలేసి పుట్టింటికి పంపేశాడు. అతని జీవితచరిత్ర రాసిన ఐన్‌హార్డ్ ఈ సంగతి చెప్తాడు గానీ ఆవిడ పేరు రాయడు.

అంటే కొద్ది నెలల పాటు షార్లమేన్, తస్సిలో, అరెకిస్ ముగ్గురూ తోడల్లుళ్ళు. తర్వాత పద్దెనిమిదేళ్ళలో ఆ ముగ్గురిలో ఒకడు మామగారి రాజ్యాన్ని లాక్కున్నాడు, ఒక తోడల్లుడికి గుండు గీయించి మఠంలో పడేశాడు, మూడో తోడల్లుడి మీదికి సైన్యంతో వెళ్ళాడు. 774ని నేను ఎప్పుడూ రెండు జాతుల మధ్య యుద్ధంగా చదవలేకపోయాను. అది ఒక ఇంటి అల్లుళ్ళ మధ్య, బావమరుదుల మధ్య జరిగిన తగువు కూడా. దాని లోపల ఏం జరిగిందో తెలియాలంటే అల్లుళ్ళను కాదు, కూతుళ్ళను వెంబడించాలి.

అరెకిస్ గొప్పవాడే, అందులో సందేహం లేదు. మామగారి రాజ్యం పోయిన కబురు విన్నాక తల వంచుకుని కూర్చోలేదు. అప్పటిదాకా డ్యూక్‌గా ఉన్నవాడు తనను తాను "ప్రిన్స్" అని పిలుచుకున్నాడు. బిషప్పుల చేత అభిషేకం చేయించుకుని కిరీటం పెట్టుకున్నాడని తర్వాతి కాలపు మొంతే కస్సీనో మఠం చరిత్ర చెప్తుంది. రాజు లేని చోట రాజులా పదిహేడు శాసనాలు చేశాడు. సముద్రపు ఒడ్డున సలెర్నోని గోడలతో బలపరిచి అక్కడ కొత్త ప్రాసాదం కట్టించాడు. ప్రమాదం వస్తే కొండల మధ్య ఉన్న బెనెవెంతో వదిలి, ఓడలు అందే చోటికి చేరాలన్న ఆలోచన అది. ఆ ప్రాసాదపు ప్రార్థనాలయం, సాన్ పియెత్రో అ కోర్తే, సలెర్నో పాత ఊళ్ళో ఇప్పటికీ ఉంది. కింద రోమన్ల కాలపు స్నానశాల, దాని మీద సమాధులు, వాటి మీద అరెకిస్ కట్టడం.

బెనెవెంతోలో అతను పూర్తి చేయించిన సాంతా సోఫియా చర్చి నాకు ఇంకా ఇష్టం. పేరు కాన్‌స్టాంటినోపుల్‌లోని మహా దేవాలయానిదే గానీ కట్టడం చిన్నది. మధ్యలో ఆరు స్తంభాలు షడ్భుజిలా నిలబడి గోపురాన్ని మోస్తాయి, వాటి చుట్టూ ఇంకో వరస స్తంభాలు, బయటి గోడ కొంతమేర నక్షత్రం కోణాల్లా లోపలికీ బయటికీ మడతలు పడుతుంది. 1688 భూకంపంలో దెబ్బతిని రూపు మారింది, మళ్ళీ పాత ఆకారానికి తెచ్చారు. 2011లో యునెస్కో ఇటలీలోని లోంబార్డ్ కట్టడాలను వారసత్వ జాబితాలో చేర్చినప్పుడు ఇదీ అందులో ఉంది. లోపల ఎనిమిదో శతాబ్దపు గోడ బొమ్మల్లో ముక్కలు మాత్రం మిగిలాయి. దేవదూత మాట నమ్మక మూగవాడైన జకర్యా ఒక పక్క. గర్భవతులైన మరియ, ఎలిసబెత్ ఒకరినొకరు కావలించుకున్న దృశ్యం ఇంకో పక్క. ఫోటోల్లో చూసినా ఆ రెండు మొహాలు ఒకదానికొకటి ఆనించుకున్న తీరు దగ్గర నా చూపు ఆగిపోతుంది.

ఇక అడెల్పెర్గా. ఆవిడ గురించి మనకు తెలిసింది ఆవిడ గురువు పాల్ ద్వారా. పాల్ ఆ కాలపు లోంబార్డుల్లో అందరికంటే చదువుకున్న పండితుడు, డీకన్, తర్వాత మొంతే కస్సీనోలో సన్యాసి. 763లో ఆవిడ కోసం లోకపు యుగాల మీద పన్నెండు చరణాల పద్యం రాశాడు. చరణాల మొదటి అక్షరాలు పేర్చుకుంటూ పోతే "భక్తురాలైన అడెల్పెర్గా" అని లాటిన్‌లో వస్తుంది.

ఆ తర్వాత జరిగింది నాకు అంతకంటే ముఖ్యం. ఆవిడ రోమ్ చరిత్ర చదవాలనుకుంటే పాల్ యుత్రోపియస్ రాసిన చిన్న చరిత్ర ఇచ్చాడు. అందరూ బడిలో చదువుకునే పుస్తకమే. ఆవిడ చదివేసి రెండు లోపాలు ఎత్తి చూపించింది. ఒకటి, ఇది మరీ క్లుప్తంగా ఉంది. రెండు, రాసినవాడు క్రైస్తవుడు కాదు కాబట్టి మన మతం సంగతులే ఇందులో లేవు. శిష్యురాలి మాట గురువు కొట్టిపారేయలేదు. యుత్రోపియస్ పది భాగాల్లో అక్కడక్కడా వివరాలు చేర్చి, ఇంకో ఆరు భాగాలు కొత్తగా రాసి, కథను జస్టీనియన్ చక్రవర్తి కాలం దాకా తీసుకొచ్చాడు. తర్వాత వందల ఏళ్ళ పాటు యూరప్ మఠాల్లో రోమ్ చరిత్ర అంటే చాలామంది చదివింది ఈ పుస్తకమే. ఇది ఎందుకు పుట్టిందో పాల్ ముందుమాటలో ఆవిడకే రాసిన ఉత్తరంలో చెప్పాడు కాబట్టి మనకు తెలిసింది. లేకపోతే ఇదీ మొత్తం పాల్ ఖాతాలోనే పడేది.

నేను ఇక్కడ ఆగడానికి కారణం ఉంది. ఒక రాజ్యం ఎలా పెరిగింది, ఎలా కూలింది, చక్రవర్తులు ఎవరితో సంధి చేసుకున్నారు, ఎవరిని బందీలుగా తీసుకున్నారు, ఇవన్నీ వివరంగా కావాలని అడిగి మరీ రాయించుకున్న మనిషి ఆవిడ. కొన్నేళ్ళ తర్వాత తన ఇంటి మీదికే ఆ పరిస్థితి వచ్చింది.

787 మొదట్లో షార్లమేన్ రోమ్‌లో ఉన్నాడు. బెనెవెంతో తనకు లోబడాలని అతని పట్టు. బెనెవెంతో కింద ఉన్న ఊళ్ళు కొన్ని చర్చికి రావాలని పోప్ హాడ్రియన్ ఆశ. అరెకిస్ పెద్ద కొడుకు రోమువాల్డ్‌ని కానుకలతో పంపి, మా నేల మీదికి రావద్దని వేడుకున్నాడు. షార్లమేన్ కానుకలు తీసుకున్నాడు, కొడుకుని తన దగ్గరే ఆపేసుకున్నాడు, సైన్యంతో కపువా దాకా వచ్చాడు. అరెకిస్ బెనెవెంతో వదిలి సలెర్నో గోడల వెనక్కి చేరాడు. అక్కడి నుంచే బేరం సాగింది. చివరికి పన్నెండు మంది ప్రముఖుల్ని, పదమూడోవాడిగా చిన్న కొడుకు గ్రిమోవాల్డ్‌ని బందీలుగా ఇచ్చి, విధేయత ప్రమాణం చేసి, తాను స్వయంగా షార్లమేన్ ముందుకు రాకుండా తప్పించుకున్నాడు. రోమువాల్డ్ ఇంటికి తిరిగొచ్చాడు.

దీన్ని పిరికితనం అన్నవాళ్ళు ఉన్నారు. దక్షిణాది లోంబార్డులకు మాత్రం ఇది అవమానంగా మిగలలేదు. రెండు వందల ఏళ్ళ తర్వాత సలెర్నోలో రాసిన ఒక చరిత్రలో దీని మీద ఒక కథ ఉంది. అరెకిస్ గుండె మీద నా రాజదండంతో కొడతానని షార్లమేన్ ఒట్టు పెట్టుకున్నాడట. బిషప్పులు అతన్ని ఒక చర్చికి తీసుకుపోయి గోడ మీద ఉన్న అరెకిస్ బొమ్మ చూపించారట. ఆ బొమ్మ గుండె మీద దండంతో కొట్టి షార్లమేన్ ఒట్టు తీర్చుకున్నాడట. అదే చరిత్రలో ఇంకో కథ. ఫ్రాంకుల రాయబారి సలెర్నో ప్రాసాదానికి వస్తే, మెట్ల మీద చేతుల మీద డేగలు పెట్టుకున్న కుర్రవాళ్ళు వరసగా నిలబడ్డారు. ప్రభువు వీళ్ళలో ఉన్నాడా అని అడిగితే, ఇంకా ముందుకు వెళ్ళండి అన్నారు. ప్రతి గదిలోనూ అదే ప్రశ్న, అదే జవాబు. చిట్టచివరి గదిలో పెద్దల మధ్య బంగారు సింహాసనం మీద అరెకిస్. ఈ కథలు జరిగినవి కాకపోవచ్చు. కానీ మనవల మనవలు ఆ సంవత్సరాన్ని తలెత్తుకుని గుర్తు పెట్టుకున్నారన్నది వీటిలో కనిపిస్తుంది.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. 787 జులై 21న రోమువాల్డ్ చనిపోయాడు. ఆగస్టు 26న అరెకిస్ చనిపోయాడు. రెండు చావుల మధ్య ఐదు వారాలు. మిగిలిన గ్రిమోవాల్డ్ ఆల్ప్స్ అవతల బందీ.

సలెర్నో ప్రాసాదంలో మిగిలింది అడెల్పెర్గా, ఇద్దరు కూతుళ్ళు, రాజ్యంలోని పెద్దమనుషులు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అరెకిస్ చేసిన పదిహేడు శాసనాల్లో ఒకటి విధవల మీద. భర్త పోయాక మఠంలో చేరకుండా ఇంట్లోనే సన్యాసిని ముసుగు వేసుకుని, ఎవరి అదుపులోనూ లేకుండా తిరిగేవాళ్ళ మీద అతనికి కోపం. అలాంటివాళ్ళను మఠానికి చేర్చాలని శాసనం. ఇంట్లో ఉండిపోయిన విధవను చూస్తే ఆ సమాజానికి ఎంత టెన్షనో ఆ శాసనం చదివితే అర్థమవుతుంది. ఆ శాసనం చేసినవాడి భార్యే ఇప్పుడు విధవ. మఠానికి కాదు, రాయబారుల ముందుకు వెళ్ళింది.

ఆ చలికాలం గురించి మనకున్న ఆధారాలు ఎక్కువగా పోప్ హాడ్రియన్ షార్లమేన్‌కి రాసిన ఉత్తరాలు, ఫ్రాంకుల రాయబారి మగినారియుస్ పంపిన నివేదిక. రెండూ శత్రువుల రాతలే. అందుకే నాకు వాటి మీద నమ్మకం. ఆవిడను పొగడాలని రాసినవి కావవి.

హాడ్రియన్‌కి కపువా నుంచి గ్రెగొరీ అనే ఒక ప్రీస్టు కబురు మోసుకొచ్చాడు. అరెకిస్ బతికుండగా గ్రీకుల రాజధాని, తూర్పు రోమన్ చక్రవర్తి ఉండే కాన్‌స్టాంటినోపుల్‌తో రహస్యంగా మాట్లాడాడట. తనకు పాట్రీషియన్ బిరుదు, నేపుల్స్ డ్యూక్ పదవి, బావమరిది అడెల్కిస్‌తో పాటు సైన్యం ఇస్తే, చక్రవర్తికి లోబడి, గ్రీకుల్లాగే జుట్టు కత్తిరించుకుని, వాళ్ళ బట్టలే కట్టుకుంటానన్నాడట. పావియా పడిపోయాక అడెల్కిస్ కాన్‌స్టాంటినోపుల్ పారిపోయి అక్కడే పాట్రీషియన్ అయ్యాడు కాబట్టి ఇది గాలి కబురు అనిపించదు. 788 జనవరిలో చక్రవర్తి మనుషులు నిజంగానే వచ్చారు. వాళ్ళు తెచ్చినవి హాడ్రియన్ ఉత్తరంలో ఉన్నాయి: బంగారు జరీ బట్టలు, ఒక కత్తి, ఒక దువ్వెన, ఒక కత్తెర. జుట్టు దువ్వి కత్తిరించడానికి. తీరా ఎవరి జుట్టు కోసం తెచ్చారో ఆ మనిషే లేడు.

ఆ రాయబారులు సలెర్నోలో అడెల్పెర్గాని, పెద్దలను కలిశారు. వాళ్ళకు దొరికిన జవాబు సారాంశం ఇది: గ్రిమోవాల్డ్‌ని మాకు ప్రభువుగా పంపమని మేం షార్లమేన్‌ని అడిగాం, అతను వచ్చేదాకా మీరు నేపుల్స్‌లో ఉండండి, తండ్రి పూర్తి చేయలేనిది కొడుకు వచ్చి చేస్తాడు. రమ్మనలేదు, పొమ్మనలేదు.

ఫ్రాంకులకూ అంతే. మగినారియుస్ బృందం వస్తే ఎదురు తిరగలేదు. అలాగని అడిగింది ఇవ్వనూ లేదు. ఊళ్ళు అప్పగించలేదు, మాకు గ్రిమోవాల్డ్ కావాలన్న ఒక్క మాట మీదే నిలబడ్డారు. మగినారియుస్‌కి తన ప్రాణం మీదే అనుమానం వచ్చి, జబ్బు చేసినట్టు నటించి, రాత్రికి రాత్రి అక్కడి నుంచి బయటపడ్డాడు. ఇంకో ఉత్తరంలో హాడ్రియన్ ఇంకో కబురు రాశాడు. అడెల్పెర్గా ఇద్దరు కూతుళ్ళతో గార్గానో కొండ మీద మిఖాయేలు దేవదూత గుడికి మొక్కు పేరుతో వెళ్ళి, అక్కడి నుంచి తారాంతో రేవుకి దాటుకోవాలని చూస్తోందని. ఆవిడ సొమ్ము తారాంతోలో దాచి ఉందని. గార్గానో లోంబార్డులకు తరతరాల యాత్రాస్థలం, అక్కడికి వెళ్తానంటే ఎవరూ వేలెత్తి చూపలేరు. తారాంతో అంటే ఓడలు, ఓడలంటే తమ్ముడో అన్నో అడెల్కిస్ ఉన్న వైపు.

హాడ్రియన్ ఈ ఉత్తరాలన్నీ ఎందుకు రాశాడంటే, గ్రిమోవాల్డ్‌ని వదలవద్దని చెప్పడానికి. వదిలితే ఇటలీలో నెమ్మది ఉండదని మళ్ళీ మళ్ళీ హెచ్చరించాడు. కానీ షార్లమేన్ వేరే లెక్క వేశాడు. బెనెవెంతో ఇంకా గ్రీకుల చేతిలోకి పోలేదు, కానీ ఏ రోజైనా పోవచ్చు. దాన్ని ఆపగలిగే మనిషి తన దగ్గరే బందీగా ఉన్నాడు. 788 వసంతంలో గ్రిమోవాల్డ్‌ని వదిలేశాడు.

నా వాదనంతా ఈ ఒక్క చోట ఉంది. అడెల్పెర్గా గ్రీకులను లోపలికి రానిచ్చి ఉంటే షార్లమేన్ కొడుకుని వదిలేవాడు కాదు, సైన్యం పంపేవాడు. గ్రీకులను మొహం మీదే పొమ్మని ఉంటే షార్లమేన్‌కి భయమే ఉండేది కాదు, కొడుకుని వదలాల్సిన అవసరమూ ఉండేది కాదు. రెండు వైపులా ఆశ చావకుండా, రెండు వైపులా అనుమానం చావకుండా నెలల తరబడి నడపడం కత్తి మీద సాము. ఇది అదృష్టం కొద్దీ జరిగిందంటే నేను ఒప్పుకోను. కొడుకు ఇంకా దూరదేశంలో బందీగా ఉండగా, కట్టుకున్నవాడు, పెద్దకొడుకు ఇద్దరూ పోయిన ఏడాదిలో జరిగింది ఇది.

దీనికి ఒక అభ్యంతరం చెప్పొచ్చు. ఉత్తరాల్లో ఆవిడ ఒక్కతే లేదు, "అడెల్పెర్గా, బెనెవెంతో పెద్దలు" అని ఉంటుంది. నిర్ణయాలు మగ పెద్దలవే కావచ్చు, ఆవిడ పేరుకే ఉండొచ్చు అని. సరే. కానీ అరెకిస్ బతికుండగా కూడా ఆ పెద్దలు ఉన్నారు. 787లో షార్లమేన్‌తో బేరం అరెకిస్ ఒక్కడే కూర్చుని ఆడలేదు. అయినా దాన్ని మనం అరెకిస్ నిర్ణయం అనే అంటాం. భర్తకి ఒక కొలత, భార్యకి ఇంకో కొలత ఎందుకు?

దీనికి జవాబు ఆవిడ తోబుట్టువు కథలోనే ఉంది. అదే 788లో బవేరియా తస్సిలో పతనమయ్యాడు. ఇంగెల్‌హైమ్ సభలో అతని పదవి ఊడగొట్టి, గుండు గీసి మఠంలో వేశారు. లియుత్పెర్గాకీ ముసుగు వేశారు, పిల్లల్నీ వదల్లేదు. ఇదంతా ఎవరి వల్ల? ఐన్‌హార్డ్ తడుముకోకుండా చెప్తాడు, భార్య వల్ల అని. ఆవిడ దెసిదేరియుస్ కూతురు, తండ్రి పగ భర్త చేత తీర్చుకోవాలనుకుంది అని. అక్కడా పేరు లేదు.

ఒకే ఏడాది, ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరు ఆడవాళ్ళు, ఒకే శత్రువు. బవేరియా మునిగిపోయింది కాబట్టి అది భార్య మాట విన్న పాపం. బెనెవెంతో నిలబడింది కాబట్టి అది మగవాళ్ళ తెలివి. ఈ పద్ధతి పన్నెండు వందల ఏళ్ళ కిందటి ఫ్రాంకులదే కాదు. మా ఇంట్లో పెద్దవాళ్ళు రాసి పెట్టిన వంశవృక్షం ఒకటుంది. అందులో ఏడు తరాల మగవాళ్ళ పేర్లున్నాయి, ఒక్క ఆడపిల్ల పేరు లేదు. కానీ ఆస్తి పోయిన తరం గురించి ఇంట్లో చెప్పే కథలో మాత్రం ఒక కోడలు ఉంటుంది, "ఆవిడ వచ్చాకే" అని మొదలవుతుంది. ఆ కథ విన్న ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. ఐన్‌హార్డ్ ఆ వాక్యం చదివినప్పుడూ అంతే.

గ్రిమోవాల్డ్ తిరిగొచ్చాడు, షరతులతో. ఒప్పంద పత్రాల మీద, నాణేల మీద షార్లమేన్ పేరు వేయాలి. లోంబార్డుల గడ్డాలు గీయించాలి. తూర్పు చక్రవర్తి కత్తెర పంపాడు, పడమటి రాజు మంగలి కత్తి చూపించాడు. ఆ కాలంలో జుట్టూ గడ్డమూ ఎవరి మాట వింటే వాళ్ళ మనిషివని అర్థం. గ్రిమోవాల్డ్ మొదట్లో నాణేల మీద తన పేరుతో పాటు రాజు చార్లెస్ పేరూ వేయించాడు. ఆ బంగారు నాణేలు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాతి నాణేల మీద ఆ రెండో పేరు మాయమైంది.

788లోనే గ్రీకులు సైన్యంతో దిగారు. వాళ్ళ వెంట అడెల్కిస్ కూడా వచ్చాడు, తండ్రి రాజ్యం తిరిగి తెచ్చుకోవాలని. గ్రిమోవాల్డ్ ఫ్రాంకులతో, స్పొలేతో డ్యూక్‌తో కలిసి వాళ్ళను ఓడించాడు. నాలుగు వేల మందిని చంపారని, వెయ్యి మందిని పట్టుకున్నారని షార్లమేన్ కొలువులోని పండితుడు అల్క్విన్ ఒక ఉత్తరంలో రాశాడు. మేనమామ మీద మేనల్లుడు గెలిచాడు. అడెల్పెర్గాకి అది కొడుకు గెలుపు, తోడబుట్టినవాడి ఓటమి. ఆ రోజు ఆ ఇంట్లో ఏ మాటలు నడిచాయో ఊహించుకోవడానికి కూడా నాకు మనసు రాదు.

అంతలోనే గ్రిమోవాల్డ్ గ్రీకు పిల్లను పెళ్ళి చేసుకున్నాడు. ఎవాంథియా, చక్రవర్తి ఆరవ కాన్‌స్టాంటైన్ భార్య మరియకు సొంత తోబుట్టువు. కొంతకాలానికి ఆమెను వదిలేసి బలవంతంగా పుట్టింటికి పంపేశాడు. ఫ్రాంకుల అనుమానం పోగొట్టుకోవడానికి ఇదంతా అని ఎర్కెంపెర్ట్ అనే మొంతే కస్సీనో సన్యాసి రాశాడు. అటు కాన్‌స్టాంటైన్ కూడా 795లో మరియను వదిలేసి మఠానికి పంపాడు. ఇక్కడ నాకు గ్రిమోవాల్డ్ మీద కోపం వస్తుంది. తన పిన్నినో పెద్దమ్మనో షార్లమేన్ ఎలా వదిలేశాడో ఇంట్లో వింటూ పెరిగినవాడు. తానూ అదే పని చేశాడు. తల్లి ఆడిన ఆటలో మనుషుల్ని వాడుకోవడం లేదు, కాలాన్ని వాడుకోవడం ఉంది. కొడుకు ఆటలో ఎవాంథియా బలైంది. రాజ్యం నిలబడిందన్న సంతోషంలో ఈ లెక్క మర్చిపోకూడదని నా పట్టుదల.

ఇంకో ఇంటి కథ కూడా దీని పక్కనే ఉంది. గురువు పాల్ సొంత తమ్ముడు 776లో ఉత్తర ఇటలీలోని ఫ్రియులిలో లోంబార్డుల తిరుగుబాటు తర్వాత ఫ్రాంకులకు బందీ అయ్యాడు. అతని పేరు కూడా అరెకిసే. తమ్ముడు బందీ అయిన ఏడో ఏట పాల్ షార్లమేన్‌కి ఒక పద్యం రాశాడు. అందులో తమ్ముడి భార్య నలుగురు పిల్లల కోసం వీధుల్లో చేయి చాచి అడుక్కుంటోందని, ఒంటి మీద చినిగిన బట్టలు తప్ప లేవని వేడుకున్నాడు. 774 తర్వాత లోంబార్డ్ ఇళ్ళల్లో ఎక్కువ వాటి గతి అదే. అడెల్పెర్గా ఓడిపోతే ఏమయ్యేదో ఆవిడకి పుస్తకాల్లో చదివి తెలుసుకోనక్కర్లేదు. కళ్ళ ముందే గురువుగారి మరదలు ఉంది.

గ్రిమోవాల్డ్ మీదికి షార్లమేన్ కొడుకు పిపిన్ పదే పదే యుద్ధానికి వచ్చాడు. అప్పటికి పిపిన్ ఇటలీ రాజు, దెసిదేరియుస్ కూర్చున్న సింహాసనం ఇప్పుడు అతనిది. అతను పంపిన కబురు ఎర్కెంపెర్ట్ రాశాడు: నీ తండ్రి అరెకిస్ ఒకప్పుడు ఇటలీ రాజు దెసిదేరియుస్‌కి ఎలా లోబడి ఉండేవాడో, నువ్వు నాకు అలా లోబడి ఉండాలి. గ్రిమోవాల్డ్ రెండు పాదాల పద్యంతో జవాబిచ్చాడు. నేను తల్లివైపూ తండ్రివైపూ స్వేచ్ఛగా పుట్టినవాణ్ణి, దేవుడు కాపాడినంత కాలం ఎప్పటికీ స్వేచ్ఛగానే ఉంటాను.

పిపిన్ తండ్రి పేరు మాత్రమే ఎత్తాడు. జవాబులో తల్లి కూడా వచ్చింది. దెసిదేరియుస్ పేరు చెప్పి బెదిరించేవాడికి, ఆయన మా అమ్మకి నాన్న అని గుర్తు చేసినట్టే. నా వాదనకు సాక్షి కావాలంటే నేను పిలిచేది గ్రిమోవాల్డ్‌నే.

806లో అతను చనిపోయాడు. గద్దె కొడుక్కి కాదు, కోశాధికారికి దక్కింది. అతని పేరు కూడా గ్రిమోవాల్డే. చరిత్రలో నాలుగో గ్రిమోవాల్డ్ అనేది ఇతన్నే, అరెకిస్ కొడుకు మూడోవాడు. 812లో ఇతను షార్లమేన్‌కి 25,000 బంగారు నాణేలు కప్పం కట్టి సంధి చేసుకున్నాడు. డబ్బు కట్టాడు గానీ గద్దె దిగలేదు, ఫ్రాంకుల అధికారి ఎవరూ బెనెవెంతోలో కూర్చోలేదు. అరెకిస్ ఇల్లు ఆగిపోయినా ఆ ఇల్లు నిలబెట్టిన రాజ్యం అలా సాగుతూనే ఉంది.